రామదాసు కీర్తనలు: ఏ రికార్డు కొనవలె?

జనగామ నుండి ఒక ఉపాధ్యాయుడు మాకు ఒక ఉత్తరం వ్రాసినారు. తెల్లవారగానే రేడియోలో భక్తిరంజని వినటం వారి ఇంట తండ్రిగారి నాటినుండి వస్తున్న అలవాటు. రామదాసు కీర్తనలు ఇంట స్థిరంగా ఉండవలెనని, వేళ చూచుకొని కాక మనసు పుట్టినప్పుడల్లా వినవలెనని వారి కోరిక. అందుకోసం కొంత డబ్బు వేరుగా తీసి ఉంచినారు. తీరా విచారిస్తే ఒక్కొక్క కీర్తనకు నాలుగైదు రికార్డులు ఉన్నవని తెలిసినది. ఒకదానిలో బాలమురళీకృష్ణ గారు పాడినారు, మరొకదానిలో సినిమా గాయని, ఇంకొకదానిలో ఒక భజన బృందం. ఒకదానితో మరొకటి కలియదు. "అయ్యా, వీటిలో అసలు వరుస ఏది? అసలైనదానినే కొనదలచినాను. తక్కినవాటికి డబ్బు పెట్టగల స్తోమత నాకు లేదు" అని ఆయన అడిగినారు.

రెండు వాక్యాలలో జవాబు వ్రాసి పంపుదామని కాగితం ముందు వేసుకొన్నాను. రెండవ వాక్యం ముగియకముందే మొదటి వాక్యం తప్పని తోచినది. తప్పంతా "అసలు" అన్న ఆ ఒక్క మాటలో ఉన్నది. ఆయన ఒక్కరే కాదు, రికార్డులు కొనే ప్రతివారూ ఈ మాట దగ్గరనే మోసపోతారు. కనుక ఆ జవాబును ఈ ప్రసంగంగా మార్చినాను.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల శ్రోతలు రామదాసును గురించి తరచుగా అడగటంలో వింత లేదు. మహబూబాబాదును మానుకోట అనే పెద్దలు ఇంకా ఉన్నారు. అక్కడినుండి బెజవాడ వైపు పోయే రైలు ఎక్కితే డోర్నకల్లు జంక్షను వస్తుంది. అక్కడ చీలిన లైను భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోతుంది. పేరు భద్రాచలం రోడ్డే కాని దిగేది కొత్తగూడెంలో. రాముడిని చూడవలెనంటే ఇంకా చాలా దూరం పోయి గోదావరి దాటవలె. భూపాలపల్లి వారికి అదే గోదావరి కాళేశ్వరం వద్ద దర్శనమిచ్చి, తరువాత భద్రాచలానికి ప్రవహిస్తుంది. శ్రీరామనవమి నాడు భద్రాచల కల్యాణాన్ని ఆకాశవాణి ప్రత్యక్షంగా వినిపించటం, ఉషశ్రీ గారి కంఠం విని ఇంటిలోనే తలంబ్రాలు పోసుకొన్నంత సంతోషించటం ఈ ప్రాంతపు పెద్దలకు మరపురాని సంగతి. ఇక జనగామ వారికి మరొక గర్వకారణం ఉన్నది. పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతనగారి ఊరు. ఆయన భాగవతమే త్యాగరాజస్వామికి పారాయణ గ్రంథమైనది. ఈ సంబంధం సంగతి మళ్ళీ వస్తుంది.

పాశ్చాత్య దేశాలలో సంగీతప్రియులు రికార్డులను పోల్చి చూచే పద్ధతి చాలాకాలంగా ఉన్నది. ఆ పని కోసమే ఇంగ్లండులో 1923లో "గ్రామఫోను" అనే పత్రిక వెలసినది. బీథోవెన్ అయిదవ సింఫనీని టోస్కనీని నడిపిన రికార్డు కొనవలెనా, ఫుర్ట్‌వాంగ్లరు నడిపినది కొనవలెనా అని వారు తర్కిస్తారు. ఒకరు వేగంగా నడుపుతారు, మరొకరు ఆగి ఆగి నడుపుతారు. కాని ఇద్దరి ఎదుటా ఉన్నది ఒకే కాగితం. ఆ కాగితం మీది స్వరాలు బీథోవెన్ తానే వ్రాసినవి. కనుక అక్కడ "అసలు" అన్న మాటకు అర్థం ఉన్నది. వినేవాడు రికార్డును ఆ కాగితంతో సరిచూచుకొనవచ్చును.

మనకు అటువంటి కాగితం లేదు. అయితే లేకపోవటంలోనూ తారతమ్యం ఉన్నది. మన శాస్త్రకారులు పాటలో రెండు భాగాలు చెప్పినారు. మాటలకు మాతువని పేరు, స్వరానికి ధాతువని పేరు. త్యాగరాజస్వామి మాతువును, ధాతువును తానే కల్పించి శిష్యులకు నోటిపాఠంగా చెప్పినారు. ఉమయాళ్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్యులు దానిని మూడు పాయలుగా కాపాడినారు. పాయల మధ్య భేదాలు ఉండవచ్చును కాని ఊట ఒక్కటే. రామదాసు విషయం అట్లా కాదు. కంచర్ల గోపన్న గోలకొండ తానీషా కాలపువాడు. ఆ తానీషా రాజ్యం 1687లో ముగిసినది. త్యాగరాజు పుట్టినది 1767లో. రామదాసు కీర్తనల మాటలు మనకు దక్కినవి. చెరసాలలో ఆయన వాటిని ఏ స్వరాలతో పాడుకొన్నాడో చెప్పే స్వరలిపి ఒక్కటీ లేదు. చాలా అచ్చు పుస్తకాలలో కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. రాగం పేరు చెప్పినంత మాత్రాన వరుస చెప్పినట్లు కాదు. ఆనందభైరవి అని చెప్పి ఒకే పల్లవిని పది విధాల పాడవచ్చును.

కాబట్టి త్యాగరాజ కృతికి రెండు రికార్డులు ఉంటే మనం ఇద్దరు గాయకులను పోలుస్తున్నాము. రామదాసు కీర్తనకు రెండు రికార్డులు ఉంటే ఒక్కొక్కప్పుడు ఇద్దరు వరుస కట్టినవారిని పోలుస్తున్నాము. ఈ రెండూ వేరువేరు పనులు. రెండింటికీ ఒకే తూకపురాళ్ళు వాడరాదు.

మొదటి పనిని ముందుగా చూద్దాము. "నగుమోము" అనే త్యాగరాజ కృతిని ఎరుగని ఇల్లు ఉండదు. నేడు దీనిని అభేరి రాగమంటారు, దాదాపు అందరూ చతుశ్రుతి ధైవతంతో పాడుతారు. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయినది. దానిలో అభేరికి చెప్పినది శుద్ధ ధైవతం. ఆ ఒక్క స్వరం మారటంతో రాగం ముఖమే మారినది. ఈ మార్పుకు కారణాలు పలువురు పలు విధాల చెబుతారు. అయితే ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు గారి గ్రామఫోను ప్లేటు వల్లనే ఈ కృతి ఊరూరా ప్రాకినదని మాత్రం సంగీతం తెలిసినవారు ఒప్పుకొంటారు. ఒక మంచి ప్లేటు దక్షిణదేశమంతటికీ పాఠం చెప్పినది. తరువాత పాడినవారిలో ఎందరు గురువు వద్ద నేర్చినారో, ఎందరు ప్లేటు వద్ద నేర్చినారో ఎవరు లెక్క తేల్చగలరు?

ఆ ప్లేట్ల కాలపు మరొక సంగతి కూడ కొనేవారు ఎరిగి ఉండవలె. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటులో ఒక ప్రక్క మూడు నిమిషాలకు కొంచెం మించి పట్టేది. కచ్చేరీలో ఇరవై నిమిషాలు సాగే కృతిని ఆ మూడు నిమిషాలలో ఇరికించవలె. ఆలాపన పోయేది, నెరవు పోయేది, కాలప్రమాణం హెచ్చేది. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం గారి "వాసుదేవయని" కల్యాణి ప్లేటు విన్నవారికి ఆ మెరుపు తెలుసును. బిర్కాలు బాణాలవలె వస్తాయి, సంగతి తరువాత సంగతి తరుముకొని వస్తుంది. ఆ కృతి ప్రహ్లాద భక్తి విజయంలో ద్వారపాలకుని ప్రవేశానికి కట్టిన పాట. పోతనగారి ప్రహ్లాదుని కథను త్యాగరాజస్వామి నాటకంగా పాడుకొన్న గ్రంథమది. బమ్మెర సంబంధమన్నది ఇదే. ద్వారపాలకుడు అంత త్వరగా నడిచినాడా అని నాకు అప్పుడప్పుడు సందేహం కలుగుతుంది. ఆ త్వరలో ప్లేటు పాలు ఎంతో, గాయకుని పాలు ఎంతో విడదీయటం కష్టం. అమెరికాలో 1948లో ఎల్.పి. రికార్డు వచ్చిన తరువాత ఒక ప్రక్క ఇరవై నిమిషాలకు పైగా పట్టినది. అటు పిమ్మట పాడినవారు ఊపిరి తీసుకొని పాడినారు. అందుచేత పాత ప్లేటు విని "పూర్వులు వేగంగా పాడేవారు" అని సిద్ధాంతం చేయకండి. వారు గడియారం చూచి పాడినారు.

ఇక రెండవ పని, రామదాసు. నాబోటి రేడియో ఉద్యోగి పక్షపాతం లేకుండా మాట్లాడటం కష్టమే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన రోజులలో భక్తిరంజని పాటలు తెలుగు ఇండ్లలో ఎట్లా నాటుకొన్నవో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన పాడిన రామదాసు కీర్తనలు ఎల్.పి. రికార్డులుగా వచ్చినవి, క్యాసెట్టులైనవి, సి.డి.లైనవి, ఇప్పుడు ఫోనులోనికి ఎక్కినవి. "పలుకే బంగారమాయెనా" అనగానే మనకు ఆనందభైరవి స్ఫురించటం, "ఏ తీరుగ నను" అనగానే నాదనామక్రియ స్ఫురించటం చాలవరకు ఆయన కంఠం చేసిన పని. మూడు స్థాయిలలో అవలీలగా తిరుగాడగల ఆ కంఠం ఈ కీర్తనలలో ఆ శక్తిని దాచుకొని పాడినది. అదే నాకు అన్నిటికంటె గొప్పగా తోస్తుంది. మాట విరగదు. సమాసం సగంలో తెగదు. తెలుగువాడు తెలుగు మాటను అర్థం తెలిసి పాడినప్పుడు కలిగే తృప్తి అది.

అదే రెండు కీర్తనలు 1980లో విడుదలైన శంకరాభరణం చిత్రంలో వాణీ జయరాం గారు పాడినారు. సంగీతం కె.వి. మహదేవన్ గారిది. రాగాలు అవే. కాని వినేవానికి కలిగే భావం వేరు. బాలమురళీకృష్ణ గారి పాటలో రామదాసు రామునితో వాదులాడుతున్నాడు. మాట ఒక్కటి చెప్పటానికి నీకు బంగారమంత పిరియమైపోయినదా అని నిలదీస్తున్నాడు. వాణీ జయరాం గారి పాటలో నిలదీయటం లేదు, వేడుకోలు ఉన్నది. ఏది సరి? కీర్తన రెండింటికీ చోటిస్తుంది. సినిమా పాటలో వాద్యాలు ఎక్కువ, దొరికే కాలం తక్కువ, చరణాలన్నీ ఇమడవు. ఆ ఒక్క కారణం చేత నేను దానిని మొదటి రికార్డుగా కొనమని చెప్పను. రెండవదిగా తప్పక కొనమంటాను. చిత్తూరు నాగయ్య గారు 1964లో తామే తీసి నటించిన "రామదాసు" చిత్రపు పాటలు కూడ దొరికితే వినండి. నాగయ్య గారి గొంతులో విద్వత్తు ప్రదర్శన ఎక్కడా లేదు, ఆర్తి ఉన్నది.

చరణాల మాట వచ్చినది కనుక ఒక ఉపాయం చెబుతాను. రామదాసు కీర్తనల పుస్తకం ఒకటి ముందు కొనండి. రికార్డుకంటె అది చాలా చవుక. దానిని ఎదుట పెట్టుకొని రికార్డు వినండి. "పలుకే బంగారమాయెనా" కీర్తనలో ఇసుకలో పొరలిన ఉడుత ప్రస్తావన వచ్చే చరణం ఒకటి, రాయి స్త్రీగా మారిన ప్రస్తావన వచ్చే చరణం ఒకటి ఉన్నవి. ఉడుతకు దయ చూపినవాడవు, రాతికి దయ చూపినవాడవు, నాతో ఒక్క మాట పలుకవేమి అన్నదే కీర్తనలోని వాదం. ఆ చరణాలు పోతే వాదం పోయి పల్లవి మాత్రం మిగులుతుంది. పల్లవి తీపిగానే ఉంటుంది. కాని గోపన్న అన్నది సగం విని లేచి వచ్చినట్లే అవుతుంది.

పోల్చేటప్పుడు చేయదగిన పనులు మరి కొన్ని ఉన్నవి. ఒకే కీర్తనను ఇద్దరిచేత పాడించి వెంటవెంటనే వినండి. ఒకరి పాట ఈ రోజు, మరొకరి పాట వచ్చే ఆదివారం వింటే మీరు పోల్చేది మీ మనఃస్థితినే. శబ్దం రెండింటికీ సమంగా ఉంచండి. కొంచెం గట్టిగా మ్రోగినది మంచిదనిపించటం చెవి సహజగుణం. ఫోను చిన్న నోటినుండి వింటే మృదంగం కుడి ప్రక్క చిటుకులు తప్ప ఎడమ ప్రక్క గుంభనం వినరాదు, తంబురా అసలే వినరాదు. పోల్చటానికి ఒక మాదిరి స్పీకరైనా కావలె. రేడియోకు తగిలించే వీలుంటే ఇంకా మంచిది.

పాత రికార్డులను కొత్త రూపాలలోనికి ఎక్కించేటప్పుడు వేగం తప్పే ప్రమాదం కూడ ఉన్నది. నూటికి ఆరు పాళ్ళు వేగం హెచ్చితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. పురుషుని గొంతు సన్నబడి, మాట త్వరపడి, గాయకుడు ఎవరో మరొకరేమో అనిపిస్తుంది. క్యాసెట్టునుండి క్యాసెట్టుకు ఎక్కించిన నకళ్ళలో ఇది సర్వసాధారణం. తెలిసిన గాయకుని కంఠం వింతగా తోచినప్పుడు గాయకుని నిందించక ముందు నకలును అనుమానించండి. ఎవరు, ఎప్పుడు, దేనినుండి ఎక్కించినారో చెప్పని రికార్డుకంటె, కంపెనీ పేరు, ప్రక్కవాద్యాల వారి పేర్లు ఉన్న రికార్డు మేలు. ప్రక్కవాద్యాల వారి పేర్లు అచ్చు వేయని కంపెనీలను నేను ఇన్నేండ్లుగా క్షమించలేకున్నాను. ఆకాశవాణి తన భాండారంలోని విద్వాంసుల పాటలను కొన్నిటిని సి.డి.లుగా వెలువరించినది. అవి కచ్చేరీ పద్ధతిని పాడినవి కనుక త్యాగరాజ కృతులకు మొదట వాటిని వెదకమని సలహా ఇస్తాను.

ఇంతవరకు వ్రాసిన తరువాత ఆ ఉపాధ్యాయునికి ఒక ఎదురు ప్రశ్న పంపినాను. మీ ఇంట పెద్దలెవరైనా రామదాసు కీర్తనలు పాడుతారా అని. వెంటనే జవాబు వచ్చినది. వారి తల్లిగారు పాడుతారట. ఆమె పుట్టినిల్లు మానుకోట దగ్గరి పల్లె. ఏకాదశి భజనలలో విని నేర్చినవి, పుస్తకం ఎరుగరు. అయితే ఇప్పుడు పాడటం తగ్గించినారట. "నాయనమ్మా, నీ వరుస తప్పు, ఫోనులో ఇట్లా లేదు" అని మనుమరాలు దిద్దుతున్నది. ఆ పిల్ల సంగీతం నేర్చుకొంటున్నది. పిల్ల చెప్పినది నిజమే అయి ఉంటుందని ఉపాధ్యాయుని అభిప్రాయం. అసలు వరుస కొనవలెనన్న ఆయన పట్టుదలకు మూలం ఇదని అప్పుడు నాకు అర్థమైనది. ఇంటిలోని వివాదం తీర్చటానికి ఆయనకు ఒక తీర్పు కావలె.

ఆ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అటువంటి తీర్పు నేను ఒకసారి ఇచ్చి ఉన్నాను. చాలా ఏండ్ల క్రిందటి మాట. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. భూపాలపల్లి వైపు ఒక పల్లెకు ధ్వనిముద్రణ కోసం పోయినాము. రామాలయం అరుగు మీద చిరుతలు, తాళాలు పట్టుకొని భజన జట్టు వారు కూర్చున్నారు. జట్టుకు పెద్ద ఒక ముసలాయన. "తక్కువేమి మనకు" అందుకొన్నాడు. నేను ఎరిగిన వరుస కాదు. ఎత్తుగడ వేరు. చివరి మాట వద్ద జట్టంతా ఒక్కసారి చిరుతలు మోగించి ఆగేవారు. ఆ నిశ్శబ్దంలోనుండి ముసలాయన మళ్ళీ ఎత్తుకొనేవాడు. నేను చేయి ఎత్తి ఆపినాను. "తాతా, రికార్డులో ఉన్నట్లు పాడు. అందరికీ తెలిసిన వరుస అయితే బాగుంటది" అన్నాను. ఆయన నా ముఖం చూచి, "గట్లనా సారూ" అని, తక్కినవారితో ఏదో మెల్లగా మాట్లాడుకొన్నాడు. తరువాత వారు రికార్డు వరుసనే పాడినారు. వారికి అది సరిగా రాదు. అయినా నేను ముద్రించుకొని వచ్చినాను. ప్రసారం కూడ అయినది. కొన్నేండ్లకు ఆ ఊరు మళ్ళీ పోయి విచారించినాను. ముసలాయన లేడు. మిగిలినవారు ఆ మొదటి వరుస తమకు పూర్తిగా రాదన్నారు. చిరుతలు ఎక్కడ ఆగేవో మాత్రం ఒకాయన తొడ మీద తట్టి చూపించినాడు.

రామదాసు పాడిన వరుస ఎవరికీ తెలియదని ఇంతకుముందు చెప్పినాను. తెలియనప్పుడు బాలమురళీకృష్ణ గారి వరుస అసలు కాదు, ముసలాయన వరుస నకలు కాదు. తంజావూరు సీమ భజన మఠాలలో తమిళులు కూడ రామదాసు కీర్తనలను సంప్రదాయ భజనలో భాగంగా పాడుకొంటున్నారు. వారి వరుసలు వారికి ఉన్నవి. వీటిలో ఏది భద్రాచలానికి దగ్గర? మానుకోట పల్లెలో ఏకాదశి నాడు విని నేర్చిన వరుస, విద్వాంసుడు చక్కదిద్దిన వరుసకంటె పాతది కాదని ఎవరు చెప్పగలరు? పాతదని కూడ నేను చెప్పలేను. భేదమల్లా ఒక్కటే. ఒకటి అంగడిలో ఎప్పటికీ దొరుకుతుంది. రెండవది ఆ తల్లిగారు పాడినన్నాళ్ళే ఉంటుంది.

అందుచేత ఉపాధ్యాయునికి నేను చివరకు వ్రాసిన జవాబు ఇది. మొదట బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనలు కొనండి. అసలు వరుస అని కాదు. మాట స్పష్టంగా ఉండి చరణాల అర్థం చెవిన పడుతుంది కనుక, మీ అమ్మాయి సంగీతం నేర్చుకొంటున్నది కనుక. ఆ తరువాత డబ్బు మిగిలితే త్యాగరాజ కృతులు కొనండి. అయితే పది కృతులకు పది రికార్డులు కొనకండి. అయిదు కృతులు ఎంచి, ఒక్కొక్కటి ఇద్దరు పాడినవి కొనండి. ఒక కృతిని ఒక్కరి నోటనే విన్న పిల్లకు ఆ గాయకుని నడకే కృతి అనిపిస్తుంది. ఇద్దరి నోట వింటే కృతి ఏదో, గాయకుడు ఏదో విడివడి తెలుస్తుంది. సాధ్యమైతే ఆ ఇద్దరూ వేరు బాణీల వారుగా చూడండి. ఒకరు తెలుగుదేశంలో, నేదునూరి కృష్ణమూర్తి గారి వలె శ్రీపాద పినాకపాణి గారి వద్ద నేర్చినవారు, మరొకరు తంజావూరు వైపువారు అయితే భేదం బాగా తెలుస్తుంది. శంకరాభరణం పాటలు ఈ లెక్కలో చేర్చనక్కరలేదు. అవి ఇదివరకే మీ ఇంట ఉండి ఉంటాయి.

ఇవన్నీ కొనకముందు చేయవలసిన పని ఒకటి ఉన్నదని కూడ వ్రాసినాను. దానికి ఖర్చు లేదు. మీ చేతిలోని ఫోను చాలును. పంకా ఆపి, కిటికీ మూసి, ఫోనును అమ్మగారి ఎదుట జానెడు దూరంలో మెత్తని బట్ట మీద పెట్టండి. శ్రుతి ఆమె ఇష్టం. తాళం వేసుకొంటే వేసుకొననివ్వండి. మధ్యలో ఆపవద్దు. తప్పు అనవద్దు. పాట కాగానే ఆమె నోటనే ఊరి పేరు, ఎవరి వద్ద విన్నదీ, తేదీ చెప్పించి అదే ముద్రణలో చేర్చండి. రెండు నకళ్ళు తీసి వేరువేరు చోట్ల ఉంచండి. అమ్మాయిని ప్రక్కనే కూర్చుండబెట్టి, నాయనమ్మ వరుసకు స్వరం వ్రాయమని చెప్పండి. సంగీత విద్యార్థినికి అంతకంటె మంచి పరీక్ష లేదు.

నెల దాటిన తరువాత ఆయన ఆ ముద్రణ ఒక ప్రతి మాకు పంపినారు. "పలుకే బంగారమాయెనా" ఆనందభైరవి కాదు. ఏ రాగమని చెప్పటానికి ఇద్దరు విద్వాంసులను అడిగినాను, ఇద్దరూ రెండు పేర్లు చెప్పినారు. ఉడుత చరణాన్ని ఆ తల్లి రెండుమార్లు పాడినది. రెండవమారు పాడుతున్నప్పుడు దూరంగా జనగామ స్టేషనులోనిది కాబోలు, రైలు కూత వినవచ్చును. అది తీసివేయమందురా అని ఆయన అడిగినారు. ఉండనీయమని వ్రాసినాను. అమ్మాయి వ్రాసిన స్వరం ఇంకా రాలేదు, రెండవ చరణం వద్ద చిక్కు పడినదట.